ఇంటర్వ్యూ బూట్లు

మెట్ల కింద పాత దుప్పటి కప్పి పెట్టిన నాలుగు చక్రాలని ఆ ఇంట్లో ఎవరూ చక్రాలనరు. ఇంటర్వ్యూ బూట్లు అంటారు.

ఆ పేరు పెట్టింది ఇంటాయన. ఆయన దర్జీ. ముందు గదిలోనే మిషను, ముందు గదిలోనే మాటలు. బామ్మర్ది తన కారుకి కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన చక్రాలు ఊడదీయించి, వాటికన్నా రెండంగుళాలు వెడల్పున్నవి వేయించుకున్నాడు. పాతవి పెట్టుకోడానికి తన ఫ్లాట్లో చోటు లేదని ఇక్కడికి మోసుకొచ్చాడు. ఆయన మిషను ఆపకుండానే అడిగాడు.

"ఏం బామ్మర్దీ, మనిషికి ఒళ్లొస్తే జాకెట్టు వదులు చేస్తాం. చక్రానికి ఒళ్లొస్తే కారుని వదులు చేస్తారా?"

"మీకు తెలీదులే బావా. బండి రోడ్డుని పట్టుకుని కూచుంటుంది. చూడ్డానికీ ఠీవిగా ఉంటుంది."

"మరి ఇవెందుకు దాచడం? అమ్మి పారెయ్యక."

"ఏడాదికోసారి తనిఖీకి వెళ్లాలిగా. ఆ ఒక్కరోజూ ఇవి తొడుక్కుని వెళ్తాను."

"అదన్నమాట. ఇంటర్వ్యూ బూట్లు!"

ముగ్గురూ నవ్వారు. దర్జీ భార్య, అంటే బామ్మర్దికి అక్క, ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు మెట్లు దిగినప్పుడల్లా ఆమెకి ఆ నవ్వే గుర్తొస్తోంది. ఆ గదిలో నవ్వకూడని మనిషి తనొక్కతే. ఎందుకంటే ఆ తనిఖీ చేసేది తనే.

వాహనాల తనిఖీ కేంద్రంలో ఆమెది ఇరవై ఆరేళ్ల సర్వీసు. బ్రేకులు మిషను చూస్తుంది, పొగ మిషను చూస్తుంది. చక్రాలు మాత్రం మనిషే చూడాలి. దానికి ఆఫీసు ఇచ్చిన ఇనుప బద్ద ఒకటుంది కానీ ఆమె దాన్ని ముట్టుకోదు. బారెడు దారానికి ఒక నట్టు కట్టి జేబులో పెట్టుకుంటుంది. దారం మొగుడి దుకాణంలోది. నట్టు తండ్రిది, ఆయన మెకానిక్కు. మడ్‌గార్డు అంచు మీద దారం ఆనించి నట్టుని కిందికి వదిలితే, అది టైరుని తాకకుండా గాలిలో ఊగాలి. ఊగితే చక్రం మడ్‌గార్డు నీడలో ఉన్నట్టు. టైరుకి ఆనుకుని ఆగిపోతే బయటికి పొడుచుకొచ్చినట్టు. అంతే రూలు. పెద్ద పెద్ద బళ్లవాళ్లు కూడా ఆ నట్టు ఊగుతుందా లేదా అని ఊపిరి బిగబట్టి చూస్తారు. అందుకే కేంద్రంలో ఆమెని దారం మేడమ్ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల.

చక్రాలు మార్చిన కొత్తలోనే తమ్ముడికి ఆమె అన్నీ చెప్పింది. చెప్పలేదని ఎవరూ అనలేరు.

"మార్చుకోవడం నేరం కాదురా. చెప్పకుండా మార్చుకోవడం నేరం. మార్పు దరఖాస్తు పెట్టు. ఇంజనీరు వచ్చి చూస్తాడు. మడ్‌గార్డుకి అంచు పెంచమంటాడు, పెంచు. ఆ కాగితం నకలు ఇన్సూరెన్సు వాళ్లకి పంపు. నలభై రోజుల పని."

"నలభై రోజులు బండి షెడ్డులో పెట్టాలా?"

"పెట్టాలి."

"ఆఫీసే మా అక్కయ్యాక ఇంకా దరఖాస్తేంటక్కా!"

వాడికి నలభై దాటాయి. తల్లి పోయినప్పుడు వాడు ఆరో తరగతి. అప్పట్నుంచీ వాడి ముక్కు తుడవడం దగ్గర్నుంచి పెళ్లి చూపుల దాకా అన్నీ ఈమే. వాడు "అక్కా" అని ఆ రెండక్షరాలూ కాస్త సాగదీశాడంటే ఆమెకి సగం కోపం అక్కడే కరిగిపోతుంది. అది వాడికీ తెలుసు.

మూడేళ్లు ఇంటర్వ్యూ బూట్లు తనిఖీకి వెళ్లొచ్చాయి. మూడుసార్లూ ఆమె మొహం బిగించి దారం వేసింది. మూడుసార్లూ నట్టు ఊగింది. తన ముందుకొచ్చిన బండిని తను చూడాలి, ఇంటికెళ్లాక అది ఏ బూట్లు తొడుక్కుంటే తనకేం అని సర్దిచెప్పుకుంది. ఆ బూట్లు తన మెట్ల కిందే ఉన్నాయన్న సంగతి ఆ సర్దుబాటులోకి రానిచ్చేది కాదు.

నాలుగో ఏడాది, తనిఖీ రోజున సన్నగా తుంపర. వరసలో పద్నాలుగు బళ్లున్నాయి. తమ్ముడి కారు ముందుకొచ్చింది. ఆమె వంగి చూసి నడుం ఎత్తలేకపోయింది. వెడల్పు చక్రాలతోనే వచ్చాడు.

"ఇదేంట్రా?" అంది పళ్ల బిగువున.

"జాకీ పాడైంది." వాడు ఆమె మొహం చూడటం లేదు. "నువ్వు చూడక్కా. కాదంటే కాదను. తీసుకెళ్లిపోతాను."

వెనక హారను మోగింది. ఆమె దారం తీసింది. ముందు చక్రాలకి నట్టు తాకీ తాకనట్టు ఊగింది. వెనక కుడివైపూ అంతే. వెనక ఎడమవైపు మాత్రం ఊగలేదు. అలిసినవాడు గోడకి చేరగిలబడినట్టు టైరు బుగ్గకి చేరగిలబడి నిలబడింది.

అనుమానం వచ్చిన బండికి వెనక సీట్లో ఇసుక మూటలు వేసి, బండి కిందికి కూచున్నాక మళ్లీ చూడాలి. మూటలు అవతలి షెడ్డులో ఉన్నాయి. తడిసి ఉంటాయి. మొయ్యడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇంతమంది ముందు సొంత తమ్ముడి బండిలో మూటలు వేయించి, కాదని వెనక్కి పంపడం...

ఆమె దారాన్ని మడ్‌గార్డు అంచు నుంచి వేలెడు బయటికి జరిపి పట్టుకుంది. అప్పుడు నట్టు ఊగింది.

కాగితం మీద 'సరి' అని రాసి సంతకం పెట్టింది.

"నిజంగా బాగుందా?" అన్నాడు వాడు, కదలకుండా.

"వెళ్లమన్నానా! వచ్చే ఏడాది ఇలా వచ్చావంటే వీపు చిట్లుతుంది."

వాడు ఇంకో క్షణం నిలబడి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేస్తాడనుకుంది. పెట్టలేదు. వాడి ముఖంలో సంతోషమూ లేదు. అది ఆమెకి ఆ సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంది, తర్వాత మర్చిపోయింది.

పంతొమ్మిదో రోజున ఫోనొచ్చింది.

తమ్ముడూ మరదలూ మేనకోడలిని హాస్టల్లో దింపడానికి బయల్దేరారు. డిక్కీ నిండా సామాను, వెనక సీట్లో సగం దాకా పుస్తకాల పెట్టెలు. పిల్ల ముందు కూచుంది. మరదలు వెనక ఎడమవైపు, పెట్టెల పక్కన ఇరుక్కుని కూచుంది. బరువుకి బండి కిందికి దిగింది. మడ్‌గార్డు లోపలి అంచు టైరుని గంటన్నరసేపు రంపంలా కోస్తూనే ఉంది. మలుపులో టైరు పేలింది. బండి తోక తిరిగి కల్వర్టు గోడకి కొట్టుకుంది. తమ్ముడికీ పిల్లకీ గీతలు పడ్డాయంతే. మరదలి ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది.

మరదలు బస్సు కండక్టరు. రోజుకి ఎనిమిది గంటలు నిలబడే ఉద్యోగం. రెండు ఆపరేషన్లయ్యాయి. మూడోది చెయ్యాలి. తర్వాత నిలబడుతుందా అంటే డాక్టరు, "ముందు మూడోది కానివ్వండి," అంటాడు.

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున విచారణకి వచ్చిన మనిషి చాలా మర్యాదస్తుడు. గొడుగు గుమ్మం బయటే పెట్టి, చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. ఫొటోలు బల్ల మీద పరిచాడు. మడ్‌గార్డు అంచు రంగు పోయి, రోజూ తోమిన గిన్నెలా మెరుస్తోంది.

"మేడమ్, ఇందులో చిక్కు ఒకటే," అన్నాడు. "మీ తమ్ముడుగారు తనిఖీ అయిన మర్నాడు మాకో ఉత్తరం రాశారు. చక్రాలు మార్చాను, వాటితోనే తనిఖీలో పాసయ్యాను, నమోదు చేసుకోండి అని. అది నిజమైతే మా కంపెనీ ఆవిడ వైద్యం, నష్టపరిహారం అంతా భరించాలి. మీరెలా పాస్ చేశారన్నది మీ డిపార్టుమెంటు చూసుకుంటుంది. అది అబద్ధమైతే, అంటే పాత చక్రాలతో పాసై తర్వాత మార్చుకుని ఉంటే, మేమేమీ ఇవ్వం. ఆయన మీద కేసవుతుంది. ఆ రోజు బండికి ఏ చక్రాలున్నాయో తెలిసింది మీకే. సోమవారం రాతపూర్వకంగా ఇవ్వండి."

ఉత్తరమా? వాడా? పుట్టి బుద్ధెరిగాక వాడు ఒక్క దరఖాస్తు సొంతంగా రాసి ఎరగడు. ఆమెకి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

శనివారం తమ్ముడే వచ్చాడు. గెడ్డం మాసింది. నుదుటి మీద కుట్లు ఇంకా విప్పలేదు. మెట్ల కింద దుప్పటి వంక ఒకసారి చూసి, వచ్చి నేల మీద కూచున్నాడు.

"కుర్చీ ఉందిగా," అన్నాడు దర్జీ.

"ఇక్కడే బాగుంది బావా." తర్వాత అక్కతో అన్నాడు. "నేను బాగా ఆలోచించాను. ఇంటర్వ్యూ బూట్లతోనే వచ్చానని రాసెయ్. ఉత్తరం అబద్ధమని నేను ఒప్పేసుకుంటాను. తప్పు నా ఒక్కడిదీ అవుతుంది. నీకింకా మూడేళ్ల సర్వీసు మిగిలుంది. పెన్షనుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎందుకు, ఇద్దరం మునగడం ఎందుకు?"

"మరి దాని మూడో ఆపరేషను?"

"కారు తుక్కుకి ఇచ్చేస్తాను. ఫ్లాటు ఉంది. ఏదో ఒకటి చేస్తాను."

ఆమె ఏడవలేదు. ఏడుపు కన్నా అన్యాయమైనదేదో లోపల కదిలింది. వాడి మాట వినగానే గుండె మీద నుంచి బరువు దిగినట్టు తేలికైంది. ఒక్క క్షణమే. కానీ ఆ తేలికని ఆమె స్పష్టంగా గుర్తుపట్టింది.

మిషను చప్పుడు ఆగింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన మిషను ఆపి మాట్లాడిన సందర్భాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఆవిడ్ని అడిగారా?" అన్నాడు.

"ఎవర్ని?"

"కాలు ఎవరిదో ఆవిడ్ని. అక్కా తమ్ముళ్లు ఇద్దరే కూచుని కొలతలు తీసేసుకుంటున్నారు. గుడ్డ మాత్రం ఆవిడది."

మిషను మళ్లీ మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆస్పత్రికి వెళ్లింది. నాలుగు మంచాల గది. మరదలిది కిటికీ పక్కన. కాలికి ఇనుప చట్రం బిగించి, కింద దిండు పెట్టి ఎత్తిపెట్టారు. మరదలు గోడ వైపు చూస్తోంది. వదిన్ని చూసి, లేవబోయి, మూలిగి ఆగిపోయింది.

"పడుకో అమ్మాయ్. నేనేమైనా పెళ్లివారినా లేవడానికి."

మరదలు కొంచెం నవ్వింది. "డ్యూటీలో ఎనిమిది గంటలు నిలబడి, ఎప్పుడు పడుకుంటానా అని ఏడ్చేదాన్ని. ఇప్పుడు తీరింది సరదా."

బత్తాయి ఒలుస్తూ వదిన అటూ ఇటూ తిరిగి అసలు సంగతికి వచ్చింది. "వాడు కంపెనీకి ఉత్తరం రాశాట్ట. నీకు తెలుసా?"

"నేనే రాయించాను వదినా," అంది మరదలు. "చెప్పలేదా మీకు? చెప్పడులెండి, సిగ్గు. ఆ బండి వెనక సీట్లో కూచున్నప్పుడల్లా కింద ఏదో గీరుకుంటున్న చప్పుడు వినిపించేది నాకు. రోజూ బస్సులో తిరిగేదాన్ని, ఆ మాత్రం తెలీదా? తీసెయ్యమంటే వినడు. ఈసారి గట్టిగా పోట్లాడాను. ప్రతి ఏడూ దొంగ బూట్లేసుకుని వెళ్లడం కాదు, ఉన్న చక్రాలతోనే వెళ్లు. వదిన దారం వేసి చూస్తారు. వదిన బాగుందంటే నేను నోరు మూసుకుని ఎక్కుతాను, కాదంటే ఆ రోజే ఊడదీయాలి, పిల్ల మీద ఒట్టు అన్నాను. ఒప్పుకున్నాడు పాపం. మీకు జాకీ పాడైందని చెప్పమని కూడా నేనే అన్నాను. అసలు సంగతి తెలిస్తే మీరు మొహమాటపడతారని."

బత్తాయి తొన ఆమె వేళ్ల మధ్య చితికింది. రసం మణికట్టు దాకా కారింది.

కాదంటే కాదను, అన్నాడు వాడు. నిజంగా బాగుందా, అని అడిగాడు. ఆమె వెళ్లమంది.

"పాసయ్యామని చెప్పగానే కంపెనీకి కూడా చెప్పేద్దాం, ఇక దాపరికం వద్దు అని దగ్గర కూచోబెట్టి రాయించాను," అంటోంది మరదలు. "మా ఇంట్లో ఎంత నిశ్చింతగా ఉందనుకున్నారు ఆ రెండు వారాలూ. హాస్టల్‌కి బయల్దేరిన రోజు కూడా అదే చప్పుడు వినిపించింది నాకు. వదిన చూశారుగా, నా అనుమానం లెమ్మని ఊరుకున్నాను." ఆగి, వదిన మొహం చూసింది. "మీరలా అయిపోకండి వదినా. ఖాళీ బండికి సరిగ్గానే ఉండి ఉంటుంది. బరువు పడ్డాక దిగింది. మీ తప్పేముంది అందులో?"

చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. నర్సు వచ్చి కట్టు మార్చాలి, బయట కూచోండి అంది. ఆమె బయటికొచ్చింది. కూచోలేదు. చేతులు కడుక్కుని నేరుగా ఇంటికొచ్చేసింది.

సోమవారం ఆ ఇన్సూరెన్సు విచారణాధికారి ఎదురుగా కూచుని ఆమె తెల్ల కాగితం మీద రాసింది. ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా రాసే గుండ్రటి అక్షరాలే. 'ఆ రోజు బండికి ఉన్నవి వెడల్పు చక్రాలే. వెనక ఎడమ చక్రానికి నట్టు ఆనింది. దారాన్ని వేలెడు బయటికి జరిపి పట్టుకున్నాను. ఇసుక మూటల పరీక్ష చెయ్యలేదు. బండి యజమాని నన్ను ఏమీ కోరలేదు. సరి అని నేనే రాశాను.'

అతను రెండుసార్లు చదువుకున్నాడు. మూడో వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగాడు.

"ఇది రాయకపోయినా సరిపోతుంది మేడమ్. చక్రాల సంగతి చాలు మాకు. పొరపాటున చూసుకోలేదని రాస్తే మీ వాళ్లు మందలింపుతో వదిలేస్తారేమో."

"పొరపాటు కాదు కదండీ."

అతను తలవంచుకున్నాడు. ఆ దారం ఇవ్వాలన్నాడు. ఆమె జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది. అతను దాన్ని కవరులో వేసి పైన రాశాడు: 'నూలు దారం, బారెడు. ఇనుప నట్టు, ఒకటి.' తిరిగి ఎప్పుడిస్తారని ఆమె అడగలేదు.

ఆమె రాసిచ్చిన దాని నకలు అందగానే, ఆ మధ్యాహ్నమే కేంద్రానికి డిపార్టుమెంటు కాగితం వచ్చింది. విచారణ తేలేదాకా విధులకి రానక్కర్లేదు. బీరువా తాళాలు అప్పగించి, టిఫిన్ డబ్బా, కళ్లజోడు సంచిలో వేసుకుని, వరసలో ఉన్న బళ్ల పక్కనుంచి నడిచి బయటికొచ్చింది. ఎవరో కారాయన అద్దం దించి, "మేడమ్, మా బండి మీరే చూస్తారా?" అని అడిగాడు. "కాదండీ," అంది. అంది గానీ, అలవాటు చొప్పున చూపు అతని చక్రాల మీదకి పోయింది.

బస్సెక్కి ఆస్పత్రి దగ్గర దిగింది. ముసురు పట్టింది. మరదలు మేలుకునే ఉంది. తమ్ముడు మందుల కోసం కిందికి వెళ్లాడట. అది మంచిదే అనుకుంది. వాడుంటే అడ్డం పడేవాడు.

కుర్చీ ఉన్నా కూచోలేదు. మంచం కాళ్ల వైపు నిలబడే చెప్పింది. నట్టు ఆగిపోవడం, వెనక హారను, తడిసిన ఇసుక మూటలు, దారం జరపడం. కాగితం మీద రాసినంత వరసగా రాలేదు. కంపెనీ ఇస్తుందని, ఆపరేషనుకి బెంగ లేదని చివర్లో చెప్పబోయి, ఆ మాట ఇప్పుడు లంచం ఇచ్చినట్టుంటుందనిపించి మింగేసింది.

మరదలు మొత్తం వింది. ఇనుప చట్రం వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఎంత జరిపారు?"

"వేలెడు."

మరదలు దుప్పటి మీదున్న తన చెయ్యి ఎత్తి, చూపుడువేలు కళ్ల ముందు పెట్టుకుని చూసుకుంది. కొత్త వస్తువుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత చెయ్యి దించేసింది. తిడుతుందనుకుంది వదిన. తిడితే బాగుండుననుకుంది.

"కిటికీ వెయ్యండి," అంది మరదలు. "జల్లు కొడుతోంది."

వదినా అని పిలవకుండా మరదలు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆమె వెళ్లి కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టింది. దిండు మీద పడ్డ చినుకులు చెంగుతో ఒత్తింది. ఉండమని మరదలు అనలేదు, వెళ్లమనీ అనలేదు. కాసేపటికి కళ్లు మూసుకుంది. ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. కింద ఆస్పత్రి ఆవరణలోకి బళ్లు ఒకటొకటే వచ్చి ఆగుతున్నాయి.